తొమ్మిదో బ్యారన్‌లో నిక్కచ్చి

2071 ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం. గవరపాలెం రోడ్డు పక్కన వరసగా ఉన్న పదహారు బ్యారన్లూ అప్పటికే తలుపులు తెరుచుకున్నాయి. ఒకప్పుడు ఆ బ్యారన్లలో పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టి బంగారు రంగుకు తెచ్చేవారు. పొగాకు పంట పోయి పాతికేళ్ళయింది. మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, లోపలికి దుమ్ము రాదు, ఎండ రాదు. ప్రయోగశాలకు ఇంతకంటే ఏం కావాలని గ్రామీణ అంకుర మండలి వాళ్ళు వాటిని కడిగించి, సున్నం కొట్టించి, ఒక్కో బ్యారన్ని ఒక్కో అంకుర సంస్థకు, అంటే స్టార్టప్‌కు అప్పగించారు. మూడో బ్యారన్‌లో రొయ్య పెంకుల నుంచి గాయాలకు వేసే కట్లు తయారవుతున్నాయి. పదకొండో దాంట్లో ఒకాయన గేదెకు జ్వరం వస్తుందని ముందురోజే చెప్పే మెడపట్టీ చేస్తున్నాడు. గేదెలు దాన్ని నమిలేస్తున్నాయి, అది వేరే సంగతి.

తొమ్మిదో బ్యారన్ పొన్నలూరి సంహితది. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. ఆ రోజు పొద్దున ఆరింటి నుంచీ గుమ్మంలోనే నిలబడి ఉంది. మండలి నుంచి పరీక్షాధికారి వస్తున్నారు. సంహిత చేసిన యంత్రం పరీక్షలో నెగ్గితే రాష్ట్రంలో ఇలాంటి నాలుగు వందల అంకురశాలలకూ అది వెళ్తుంది. ఓడిపోతే నాలుగేళ్ళ గడువు తీరిపోయినట్టే. సాయంత్రానికి బ్యారన్‌కు తాళం పడుతుంది. ఆమె దగ్గర పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళూ ఇంటిదారి పడతారు. సంహిత ఏ మహానగరంలోనో ఎవరి యంత్రానికో సేవ చేసుకుంటూ బతకాలి. అందుకే ఆమె ముందురోజు నుంచీ ముద్ద ముట్టలేదు.

ఆ యంత్రం పేరు నిక్కచ్చి. దాని సంగతి చెప్పాలంటే ముందు చలువ తువ్వాలు సంగతి చెప్పాలి.

ఆరేళ్ళ కిందట సంహిత మొదటిసారిగా ఒక వస్తువు తయారుచేసింది. మెడకు చుట్టుకుంటే ఒంటి వేడిని పీల్చుకుని చల్లబరిచే తువ్వాలు. ఎండలో పనిచేసే వాళ్ళకు పనికొస్తుందని ఊళ్ళో రెండు వందల మందికి ఇచ్చి, ఎలా ఉందని అడిగింది. అందరూ ఒకటే మాట. అద్భుతంగా ఉందమ్మా అన్నారు, నీ చేతిలో ఏదో ఉందమ్మా అన్నారు, ఒకాయన కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. ఆ మాటలు నమ్మి ఆమె ఇరవై వేల తువ్వాళ్ళు నేయించింది. ఒక్కటీ అమ్ముడుపోలేదు. తరవాత చూస్తే ఊళ్ళో ఒక తువ్వాలు దూడకు పలుపయింది, ఒకటి నారుమడి మీద నీడకు కప్పారు, తక్కినవి అటకెక్కాయి. తువ్వాలు నుంచి తడి కుక్క వాసన వస్తుందని రెండు వందల మందికీ మొదటి రోజే తెలుసు. ఆమెకు మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

పల్లెటూళ్ళలో అంకుర సంస్థలు ఎందుకు చతికిలపడుతున్నాయని మండలి వాళ్ళు లావుపాటి నివేదికలు రాశారు. సరుకు దూరం పోదన్నారు, నైపుణ్యం చాలదన్నారు. సంహితకు మాత్రం కారణం ఒకే ఒక్కటి కనిపించింది. అది మొహమాటం. నగరంలో వ్యాపారం పెట్టినవాడికి మొదటి కొనుగోలుదారు ఎవరో ముక్కూమొహం తెలియనివాడు. నచ్చకపోతే మొహానే కొడతాడు. పల్లెలో మొదటి కొనుగోలుదారు పిన్ని, మేనమామ, ఎదురింటి అత్త. వాళ్ళు చచ్చినా బాగోలేదనరు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళు సామెతలో చెప్పారు గానీ, దాన్ని నలుగురిలో చెప్పడానికి ఈ కథ చెప్పేవాడికీ మొహమాటమే.

అందుకని ఆమె మొహమాటాన్ని కొలిచే యంత్రం చేసింది. చూడటానికి అది ఇత్తడి టిఫిను డబ్బాంత ఉంటుంది. మనిషి మాట్లాడేటప్పుడు గొంతులో చెవికి అందని సన్నటి వణుకులుంటాయి. వాటిని దానిలోని స్వరకంపన గ్రాహకం పట్టుకుంటుంది. మనసులో లేని మాట అనేటప్పుడు ముక్కు కొన దగ్గర చర్మం వేడిలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. దాన్ని ఉష్ణచిత్రకం, అంటే థర్మల్ కెమెరా, చూస్తుంది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య మనిషి ఎంతసేపు తటపటాయించాడో కూడా లెక్కలోకి వస్తుంది. ఈ మూడూ కలిపి నోటి మాటకూ మనసు మాటకూ మధ్య ఎంత దూరముందో డబ్బా ముందున్న చిన్న అద్దం మీద సున్నా నుంచి వంద దాకా ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెకు సంహిత అంతరం అని పేరు పెట్టింది.

ఏ యంత్రానికైనా పాఠం చెప్పాలి. గవరపాలెంలో రెండు వందల పన్నెండు మంది చేత రకరకాల వస్తువులు వాడించి, ముందు నలుగురిలో అడిగింది. తరవాత ఒక్కొక్కర్నీ లోపలి గదిలో యంత్రం ముందు ఒంటరిగా కూర్చోబెట్టి అసలు నిజం చెప్పమంది. బయట చెప్పినది మొహమాటం, లోపల చెప్పినది నిజం. ఈ రెంటికీ తేడా ఏమిటో నేర్చుకో అని నిక్కచ్చికి అప్పజెప్పింది. పెద్దవాళ్ళు బెదిరిపోకూడదని యంత్రానికి తన గొంతే పెట్టింది. వరసలు కలిపి పిన్నీ, బాబాయ్ అని పిలవడం నేర్పింది. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకు అని మొట్టమొదటి సూత్రంగా రాసింది. ఆ మూడు పనులూ చేసినందుకు తనను తానే మెచ్చుకుంది కూడాను.

తొమ్మిదింటికి డ్రైవరు లేని మండలి బండి వచ్చి ఆగింది. దిగినావిడ డాక్టర్ షహనాజ్, కర్నూలు మనిషి. యాభై దాటి ఉంటాయి. ఎక్కువ మాట్లాడే రకం కాదు. నెల కిందట ఆవిడే గవరపాలెంలో నలభై ఇళ్ళకు తలా ఒక నడిచే చీపురు ఇప్పించింది. వేరే జిల్లాలో ఒక అంకురశాల వాళ్ళు చేసిన వస్తువది. తెల్లవారకముందే దానంతటదే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు కూడా పెడుతుంది. దాని పొట్టలో ఎన్ని రోజులు తిరిగిందో లెక్కపెట్టే గణకం ఉందని ఊళ్ళో ఎవరికీ తెలియదు, సంహితకూ తెలియదు. అదే పరీక్ష.

నిక్కచ్చి వారం రోజులుగా ఆ నలభై ఇళ్ళ వాళ్ళనూ పలకరిస్తోంది. ఫలితం చెప్పమని షహనాజ్ అడిగింది. ముప్పై ఆరు ఇళ్ళ వాళ్ళకు చీపురు మనస్ఫూర్తిగా నచ్చిందనీ, రోజూ వాడుతున్నారనీ, అంతరం పది కూడా దాటలేదనీ నిక్కచ్చి సంహిత గొంతుతో చక్కగా చెప్పింది. షహనాజ్ సంచిలోంచి ఒక పలక తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద నలభై చీపుర్ల గణకాలు చూపిన లెక్కలన్నీ ఉన్నాయి. ముప్పై ఒక్క చీపుర్లు మొదటి వారం దాటాక ఒక్క అడుగు కూడా వేయలేదు.

సంహిత ఆ పలక వంకా, డబ్బా వంకా మార్చి మార్చి చూసింది. తప్పు ఒకటీ అరా అయితే సర్దుకోవచ్చు, ఇది తలకిందులు.

షహనాజ్ మంచి మనిషే. వెంటనే తాళం అనలేదు. తాను మధ్యాహ్నం దాకా ఉంటాననీ, యంత్రం ఎందుకు తప్పిందో కారణం చూపించగలిగితే ఆలోచిస్తాననీ చెప్పింది. కారణం తెలియని యంత్రాన్ని మాత్రం నాలుగు వందల ఊళ్ళకు పంపలేనంది. అందులో అన్యాయం ఏమీ లేదు. సంహితకు అదే ఇంకా బాధగా ఉంది.

ఆమె నిక్కచ్చి ముందు కూర్చుని గంటన్నరసేపు తనిఖీ చేసింది. గ్రాహకాలు బాగున్నాయి. కెమెరా బాగుంది. పాఠం సరిగా నేర్చుకున్నావా అని అడిగితే, "అంతా బాగానే ఉందక్కా, మీరు కంగారుపడకండి" అంది నిక్కచ్చి. తన గొంతే తనను ఓదారుస్తుంటే సంహితకు ఏడుపొచ్చింది.

అప్పటిదాకా గోడవార కూర్చుని వైర్లకు తొడుగులు వేస్తున్న రోశమ్మ పని ఆపింది. ఆరుగురిలోకీ పెద్దది ఆవిడే, డెబ్బై ఏళ్ళుంటాయి. వయసులో ఉన్నప్పుడు ఇదే బ్యారన్ పక్కన షెడ్డులో పొగాకు రకాలు ఏరేది. ఆకు పట్టుకుంటే చాలు, ఏ రకమో చెప్పేదని ఆవిడకు పేరు. ఆవిడ లేచి వచ్చి సంహిత పక్కన నిలబడింది. చెప్పాలా వద్దా అని కాసేపు కొంగు నలిపింది.

"అమ్మాయ్, లోపలి గదిలో కూడా మేమెవ్వరం నిజం చెప్పలా" అంది చివరికి.

సంహితకు అర్థం కాలేదు. లోపల ఎవరూ లేరు గదా, యంత్రమే గదా అంది.

"యంత్రమేలే. అది నీ గొంతుతో పిన్నీ అని పిలిచిద్ది. భోంచేశావా పిన్నీ అని అడిగిద్ది. అట్టా అడిగినదాని మొహం మీద బాగోలేదని ఎట్టా చెప్తామే?"

సంహిత తల పట్టుకుంది. రెండు వందల పన్నెండు మందీ బయట ఆమెతో మొహమాటపడ్డారు, లోపల ఆమె యంత్రంతో మొహమాటపడ్డారు. నిజమని ఆమె నిక్కచ్చికి నేర్పినదంతా అబద్ధమే. కొలిచే బద్దే వంకరైతే కొలత ఎక్కడ నిలుస్తుంది? నాలుగేళ్ళు పోయాయి. దీన్ని కాస్త ముందు చెప్పొచ్చు గదా అని ఆమె రోశమ్మను నిలదీసింది.

"చెప్తే నువ్వు బాధపడవా?" అంది రోశమ్మ.

షహనాజ్ నవ్వకుండా ఉండటానికి బాగా కష్టపడింది. అయినా ఆవిడ శాస్త్రవేత్త, ఒక ప్రశ్న అడగకుండా ఉండలేకపోయింది. ఈ ఊళ్ళో నిజం ఎప్పుడూ బయటికి రాదా, వస్తే ఏ దారిన వస్తుంది అని రోశమ్మను అడిగింది. రోశమ్మకు ఇలాంటి తెలివితక్కువ ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. పెళ్ళి సంబంధాలకు వాకబు చేసేటప్పుడు మీవైపు ఏం చేస్తారని ఆవిడే ఎదురు అడిగింది. ఏ ఇంటికైనా వెళ్ళి మీ అబ్బాయి ఎలాంటివాడని అడిగితే బంగారం అంటారు. పక్కింటికెళ్ళి ఆ అబ్బాయి ఎలాంటివాడంటే అక్కడా బంగారమే అంటారు. అందుకని అలా అడగరు. "ఆ అబ్బాయిని గురించి మీ వీధిలో వాళ్ళు ఏమనుకుంటన్నారు" అని అడుగుతారు. అంతే, పురాణం మొదలవుతుంది. తన మాటగా చెప్పమంటే నోరు పెగలదు గానీ, పరాయివాళ్ళ మాటగా చెప్పమంటే ఎవరికీ మొహమాటం ఉండదు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి మాలకొండయ్య, ఊళ్ళోకి మండలి బండి వచ్చిందని తెలిసి, ఏం జరుగుతోందో చూద్దామని లోపలికి వచ్చాడు. నలభై ఇళ్ళలో ఆయనదీ ఒకటి. నడిచే చీపురు ఎలా ఉంది మామా అని సంహిత అడిగింది. భేషుగ్గా ఉందన్నాడాయన, ఇట్టాంటి వస్తువు పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నాడు. నిక్కచ్చి అద్దం మీద అంతరం ఆరు చూపించింది.

సంహిత ఈసారి, దాన్ని గురించి మీ వీధిలో వాళ్ళు ఏమనుకుంటున్నారు అని అడిగింది.

మాలకొండయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకేం అభ్యంతరం లేదమ్మా. వీధిలోవాళ్ళే ఒప్పుకోటంలా. నలభై వాకిళ్ళలో ఒకటే ముగ్గు పెడితే ఎట్టా? మొన్న చుట్టాలొచ్చి మా ఇల్లనుకుని పక్కింట్లోకి పొయ్యారు. పైగా మా ఆవిడ, అదే, వీధిలో ఆడోళ్ళు, నాలుగు రకాల ముగ్గులు వచ్చి కూడా చేతులు ముడుచుకుని కూర్చోవాలా అంటన్నారు."

ఆయన ఇంకా చాలా చెప్పాడు. చీపురు చల్లే నీళ్ళు చాలవనీ, కోడిపిల్లల్ని తరుముతోందనీ, దాన్ని గాదె వెనక దాచారనీ, అంతా వీధి మీద పెట్టి చెప్పాడు. షహనాజ్ ఒక్క మాట వదలకుండా రాసుకుంది. ఆయన వెళ్ళాక మాత్రం ఆవిడ కలం మూసింది. ప్రశ్న మారిస్తే మనుషులు నిజం చెప్తారని తేలింది, మంచిదే. కానీ దానికి యంత్రం ఎందుకు, రోశమ్మ చాలు గదా అంది. గ్రాహకాలు నిజంగా పనిచేస్తున్నాయని రుజువు లేకపోతే తాను సంతకం పెట్టలేనంది. అప్పటికి పన్నెండున్నరయింది.

సంహిత నిక్కచ్చి వంక చూస్తూ కూర్చుంది. రోశమ్మ అన్న మాట ఆమె మనసులో తిరుగుతూనే ఉంది. చెప్తే నువ్వు బాధపడవా. గ్రాహకాల్లో లోపం లేదు. అంత సూక్ష్మంగా వినే యంత్రం, బయటా లోపలా ఒకే వణుకు విని కూడా, నాలుగేళ్ళలో ఒక్కసారైనా అనుమానపడలేదా? ఎదుటివాళ్ళ మనసు నొప్పించకు అని దానికి మొదటి సూత్రం రాసింది తానే. ఆ ఎదుటివాళ్ళలో తాను కూడా ఉందన్న సంగతి ఆమెకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

"నిక్కచ్చీ, నీ చోట ఇంకో యంత్రం ఉంటే, మన పాఠాన్ని గురించి అది ఏమనుకునేది?" అని అడిగింది.

నిక్కచ్చి ఆరు సెకన్లు తటపటాయించింది. యంత్రానికి ఆరు సెకన్లంటే మాటలు కాదు.

"ఇంకో యంత్రమైతే, మొదటి నెలలోనే కనిపెట్టి ఉండేదక్కా. లోపలి గదిలో చెప్పిన మాటల్లో కూడా అదే వణుకు ఉందని."

"మరి కనిపెట్టి ఏం చేసేది?"

"మీరు తువ్వాళ్ళ సంగతి తలుచుకుని దిగులుపడుతుంటారు గదా. మళ్ళీ మీ మనసు కష్టపెట్టడం ఎందుకని, ఎవరికీ చెప్పకుండా ఇంకో లెక్క రాసిపెట్టుకునేది. ఆ నలభై ఇళ్ళ లెక్క కూడా అందులో ఉంటుంది."

ఆ లెక్క ఉంటే ఎలా ఉంటుందో ఒకసారి చూపించమని సంహిత మెల్లగా, పసిపిల్లను బుజ్జగించినట్టు అడిగింది. నిక్కచ్చి అద్దం మీద నలభై ఇళ్ళ పేర్లూ వరసగా వచ్చాయి. అందులో ముప్పై ఇళ్ళ పక్కన అంతరం డెబ్బై పైనే ఉంది. మాలకొండయ్యకు ఎనభై ఎనిమిది. షహనాజ్ తన పలకను దాని పక్కన పెట్టి ఒక్కో ఇంటినీ సరిచూసింది. సంహిత ఆవిడ వేలినే చూస్తూ నిలబడింది.

కదలని చీపుర్లు ముప్పై ఒకటి. నిక్కచ్చి దాచుకున్న లెక్కలో ముప్పై ఇళ్ళు. ముప్పైకి ముప్పై ఇళ్ళూ అవే. మిగిలిన ఆ ఒక్క ఇల్లూ రోశమ్మ చెల్లెలిది. చెల్లెలికి చీపురు నిజంగానే ఇష్టమనీ, దాన్ని బయటికి తియ్యనివ్వనిది కోడలనీ రోశమ్మ చెప్పింది. అలా చూస్తే యంత్రం అక్కడా తప్పలేదు.

షహనాజ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అబద్ధం చెప్పిన యంత్రాలు చూశాను గానీ, బాధపడతారని నిజం దాచిన యంత్రాన్ని చూడలేదంది. గ్రాహకాల మీద తనకు ఇక ఏ అనుమానమూ లేదంది. గొంతు మార్చాలి, మొదటి సూత్రం తిరిగి రాయాలి, ప్రశ్నలన్నీ రోశమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రాయాలి అని మూడు షరతులు పెట్టి, సంతకం చేసి కాగితం సంహిత చేతిలో పెట్టింది.

సంహిత ఆ కాగితం పట్టుకుని అక్కడే నేల మీద కూలబడింది. నాలుగేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయింది. నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. తొమ్మిదో బ్యారన్‌కు తాళం పడదు, ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. తక్కిన ఐదుగురు ఆడవాళ్ళూ ఆమె చుట్టూ చేరి వీపు నిమిరారు. నిక్కచ్చి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది గానీ ఆమె వల్ల కాలేదు. ఊరు పెంచిన బిడ్డ ఊరి బుద్ధులు నేర్చుకోక ఏం చేస్తుంది?

ఈ సందట్లో రోశమ్మ మాయమై, ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఆనందం పట్టలేక స్వయంగా టీ కాచింది. మామూలుగా ఆ బ్యారన్‌లో రోశమ్మను పొయ్యి దగ్గరికి ఎవరూ పోనివ్వరు. అల్లంతో పాటు వాము, మిరియాలు, చేతికందినంత బెల్లం వేస్తుందావిడ. మొదటి గ్లాసు షహనాజ్‌కు ఇచ్చి, ఎదురుగా నిలబడి తాగేదాకా చూసింది. ఆవిడ ఒక గుక్క మింగి, రెండో గుక్కకు కాస్త విరామం తీసుకుంది.

"ఎట్టా ఉందమ్మా?" అంది రోశమ్మ.

"చాలా బాగుంది" అంది డాక్టర్ షహనాజ్.

సంహిత చూపు అలవాటుగా నిక్కచ్చి వైపు తిరిగింది. అద్దం మీద ఈసారి అసలు అంకే పరుగెత్తి తొంభై ఏడు దగ్గర ఆగింది. రోశమ్మ కూడా అటే తల తిప్పబోయింది. ఆవిడ కంట పడకముందే, ఎవరూ చెప్పకుండానే, నిక్కచ్చి తన అద్దాన్ని ఆర్పేసుకుంది.

సంహిత తన గ్లాసు కూడా అందుకుని, కళ్ళు మూసుకుని తాగింది.